అమ్మరేకు కింద జిగురు

1991 జూన్ 17, సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు, మన కర్మాగారంలోని అయస్కాంత పరీక్షశాలలో ఇరవై నాలుగేళ్ల యువతి ఒకరు సాంకేతిక సహాయకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. ముప్ఫై నాలుగు సంవత్సరాల ఒక నెల పద్నాలుగు రోజుల అవిశ్రాంత, నిష్కళంక సేవ అనంతరం వారు ఈ జూలై 31న ముఖ్య పరీక్షాధికారిణిగా పదవీ విరమణ చేస్తున్నారు.

పై వాక్యంలోని ‘నిష్కళంక’ అనే మాటను వారు కొట్టేశారు. ఈ వ్యాసం మొదటి ప్రతిని మర్యాద కొద్దీ చూపిస్తే, ఎర్ర సిరాతో ఆ ఒక్క మాటకి అడ్డగీత పెట్టి, మార్జిన్‌లో తమ గుండ్రటి చేతివ్రాతలో ఇలా రాసి పంపారు: “ఇది తీసెయ్యండి. మేస్త్రిగారి సంగతి రాయండి. అది రాయడం కుదరకపోతే నా గురించి ఏమీ రాయొద్దు.” మా సంచిక కమిటీలో ఇద్దరు ఒంటికాలి మీద లేచారు. అభినందన సంచికలో తప్పుల చిట్టా ఏమిటన్నారు. చివరికి వారి షరతే నెగ్గింది. ఆ మాటని మాత్రం అలాగే ఉంచాం, ఏది కొట్టేశారో చదివేవాళ్లకి తెలియాలి కనుక. ఈ వ్యాసం ఒకరిని పొగడడానికి మొదలై, ఇంకొకరి మీద ఇరవై రెండేళ్ల క్రితం పడిన మచ్చను తుడవడానికి నడుస్తుంది.

వారు చేసిన పని ఏమిటో వారి ఇంట్లోవాళ్లకి సైతం సరిగా తెలియదు. అత్తగారైతే ఎవరడిగినా “మా చిన్నకోడలు ఇనుము పాటలు వింటుంది” అని చెప్పేవారట. నిజానికి అదేమంత తప్పు నిర్వచనం కాదు. ట్రాన్స్‌ఫార్మర్లలో, మోటార్లలో పేర్చే పల్చటి ఉక్కు రేకు మన కర్మాగారంలో తయారవుతుంది. ఆ రేకు లోపల కంటికి కనపడనంత చిన్న చిన్న పేటలు ఉంటాయి. ఒక్కో పేట ఒక్కో అయస్కాంతం. బయటినుంచి అయస్కాంత బలాన్ని నెమ్మదిగా తిప్పితే, ఆ పేటల మధ్య గోడలు కూడా జరగాలి. కానీ అవి సాఫీగా జరగవు. ఇరుకు మెట్ల మీద జనంలా ఎక్కడో ఇరుక్కుని, వెనకనుంచి తోపు పెరిగాక ఒక్కసారిగా ముందుకి పడతాయి. పడ్డ ప్రతిసారీ పైన పెట్టిన తీగచుట్టలో సన్నటి విద్యుత్తు తుళ్లుతుంది. దాన్ని పెద్దది చేసి హెడ్‌ఫోన్స్‌కి ఇస్తే, రేకుల కప్పు మీద వాన పడ్డట్టు చిటపటమంటుంది. అదే అయస్కాంత రొద. రేకుని మొద్దుబారిన బ్లేడుతో కోసినా, అంచు నలిగినా, లోపల బిగువు మిగిలినా ఆ రొద మారిపోతుంది. మీటరు అంకె చెబుతుంది, హెడ్‌ఫోన్స్ స్వభావం చెబుతాయి. వారు రెండూ వినేవారు.

అందుకే వారిని మనవాళ్లు ‘చిటపట మేడం’ అన్నారు. ఆ పేరు రొద వల్ల వచ్చిందా, ముక్కు మీదుండే కోపం వల్ల వచ్చిందా అన్నది మన క్యాంటీన్‌లో ఇంకా తేలని విషయం.

ఈ ఉద్యోగం ఉందని వారికి చెప్పింది వారి బావగారు, అంటే భర్తకి స్వయానా అన్నగారు. ఆయన అప్పటికే పద్నాలుగేళ్లుగా ఇక్కడ కటింగ్ మేస్త్రి. దరఖాస్తు తెచ్చిందీ ఆయనే, నింపించిందీ ఆయనే, ఆఫీసులో ఇచ్చి రసీదు తెచ్చిందీ ఆయనే. చేరిన రోజు సైకిల్ మీద గేటు దాకా తీసుకొచ్చి, టైం ఆఫీసు ముందు దింపి, “లోపల బావగారూ గీవగారూ అనకమ్మాయ్, అందరూ నవ్వుతారు. మేస్త్రీ అను చాలు” అన్నారు. వారు తల ఊపారు. మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టగానే రెండు వందల మంది మధ్యలో “బావగారూ, క్యారేజీ మీ దగ్గరే ఉండిపోయింది” అని పిలిచారు. ఆ రోజు నుంచి కటింగ్ సెక్షన్ మొత్తానికి ఆయన బావగారే.

పరీక్షశాలలో అప్పటి పెద్దాయన ఒకరుండేవారు. అందరూ పెద్దసారు అనేవారు. మరుసటి ఏడాది ఆయన రిటైరవుతూ, మెత్తటి గుడ్డలో చుట్టిన ఒక రేకుముక్కని వారి చేతిలో పెట్టారు. జానెడున్నర పొడవు, రెండు వేళ్ల వెడల్పు, వార్తాపత్రికని నాలుగు మడతలు పెట్టినంత మందం. రోజూ పొద్దున్నే మొదట ఆ రేకుని కొలిచి, మీటరు సరిగ్గా వంద చూపేలా నాబ్ తిప్పుకోవాలి. తక్కిన రేకులన్నింటినీ దాంతో పోల్చాలి. నూట ముప్ఫై దాటితే ఆ కట్ట మొత్తం పనికిరాదు. అన్ని రేకులకీ అదే తల్లి కనుక దాని పేరు అమ్మరేకు.

“దీనికి ఏమన్నా అయితే మనకి పొద్దూ తెలియదు, మాపూ తెలియదు. కంటికి రెప్పలా చూసుకో” అన్నారు పెద్దసారు.

వారు కంటికి రెప్పకంటే ఎక్కువగానే చూసుకున్నారు. 1992 మే నెల మొదటి వారంలో ఎవరి మోచెయ్యో తగిలి అమ్మరేకు బల్ల మీదనుంచి కింద పడింది. ఏమీ కాలేదు. ఇంకెప్పుడూ పడకుండా, వంగకుండా, ఎవరూ పొరపాటున పక్కముక్కల్లో కలిపెయ్యకుండా, మే 5న ఒక చెక్కపలక తెప్పించి, రెండు ట్యూబుల్లో వచ్చే గట్టి జిగురు సమానంగా కలిపి, అమ్మరేకుని దాని మీద చక్కగా అతికించేశారు. ఆ వారంలోనే వీడ్కోలు తీసుకుంటున్న పెద్దసారు అది చూసి, “ఈ బుద్ధి నాకు ఇరవై ఏళ్లలో రాలేదు చూడు” అని మెచ్చుకున్నారు కూడా.

ఆ పలక మీద అమ్మరేకు ముప్ఫై మూడేళ్లు ఉంది.

ఆ తర్వాతి వృత్తి జీవితం సర్వీసు పుస్తకంలో ఉంది. 1998లో సీనియర్ సహాయకురాలు, 2006లో పరీక్షాధికారిణి, 2017 నుంచి ముఖ్య పరీక్షాధికారిణి. ఏభై ఎనిమిది లాగ్‌బుక్కులు, ఒక్క పేజీ ఖాళీ లేకుండా. వారి చెవి గురించి ఎన్నో కథలున్నాయి. ఒకసారి కొనుగోలుదారుల బృందం వచ్చినప్పుడు, పరీక్షించడానికో ఏడిపించడానికో, మనవాళ్లు ఒక ముక్కని నిలువుగా కాక అడ్డంగా కోసి మిగతావాటిలో కలిపి ఇచ్చారు. వారు మీటరు వైపు చూడకుండానే హెడ్‌ఫోన్స్ తీసేసి, “ఇది అడ్డం ముక్క. తెచ్చినవాళ్లు ఎవరో వాళ్లని కూడా అడ్డంగా నిలబెట్టండి” అన్నారు. బృందం నాయకుడు నోరు వెళ్లబెట్టాడు. ఇలాంటివి మామూలుగా అభినందన వ్యాసాల్లో నాలుగైదు రాస్తారు. వారు ఇంక చాలన్నారు కనుక ఇక్కడితో ఆపుతున్నాం.

2003 వానాకాలంలో బావగారి మెషీన్ నుంచి వచ్చిన రేకులు వరుసగా పరీక్షలో పోవడం మొదలైంది. నూట ముప్ఫై మూడు, నూట నలభై, నూట నలభై ఆరు. కట్ట తర్వాత కట్ట. మిగతా మెషీన్లు నూట పాతిక దగ్గర గట్టెక్కేవి. ఆయనది అన్నిటికంటే పాత మెషీన్, ఆ ఏడాది నుంచి అన్నిటికంటే కష్టమైన రకం రేకు దాని మీదకే వచ్చేది. మూడోవారం ఆయనే ఒక రేకు పట్టుకుని పరీక్షశాలకి వచ్చారు.

“ఏంటమ్మాయ్, నా రేకులంటే నీ పెట్టెకి పడట్లేదా?”

“పెట్టెకి మనుషులతో పనేముంది బావగారూ. నూట నలభై చూపిస్తోంది.”

“బ్లేడు మార్చాను. పాతదాన్ని సాన పట్టించి మళ్లీ వేశాను. బ్లేళ్ల మధ్య సందు కొలిచాను. ఇంకేం చెయ్యమంటావో చెప్పు, చేస్తాను.”

“నాకేం తెలుసు. నేను కొయ్యను కదా, కొలుస్తానంతే.”

ఆయన రేకు అంచు మీద బొటనవేలి గోరు పెట్టి, ఈ చివరినుంచి ఆ చివరికి నెమ్మదిగా జరిపారు. “ఇదిగో. ఎక్కడా పట్టుకోవట్లేదు. ఇరవై ఆరేళ్లుగా ఈ గోరుతోనే చూస్తున్నాను. ఈ అంచులో తప్పు లేదు.”

వారు తమ హెడ్‌ఫోన్స్ తీసి ఆయన చెవులకి పెట్టారు. “వినండి.”

“వాన పడుతోంది.”

“ఇప్పుడు ఇది వినండి. ఇది అమ్మరేకు.”

“ఇక్కడా వానే.”

“ఇది జల్లు. మీది జడివాన.”

“వానలో తేడా నీకు తెలుస్తుంది, అంచులో తేడా నాకు తెలుస్తుంది. ఇద్దరం ఒకేసారి ఒప్పవడం కుదరదు కదమ్మాయ్.”

“గోరు పొరపడొచ్చు బావగారూ. అమ్మరేకు పొరపడదు.”

ల్యాబులో ఉన్న నలుగురూ నవ్వారు. ఆయనా నవ్వారు. హెడ్‌ఫోన్స్ తీసి, తీగ చుట్టి, బల్ల మీద జాగ్రత్తగా పెట్టి వెళ్లిపోయారు.

నలభై ఒక్క కట్టలు పోయాక, సెప్టెంబరులో టైం ఆఫీసు గోడ మీద ఒక కాగితం అంటించారు. కోత నాణ్యత వరుసగా లోపించినందున కటింగ్ మేస్త్రిని ప్యాకింగ్ విభాగానికి మార్చడమైనది. అది వెలిసిపోయి, అక్షరాలు కనపడకుండా పోయేవరకూ ఆర్నెల్లు ఆ గోడ మీదే ఉంది. బావగారు తర్వాతి తొమ్మిదేళ్లూ చెక్కపెట్టెలకి మేకులు కొట్టారు. 2012లో ఆయన రిటైరైన రోజున ఒక గ్రూపు ఫోటో తీశారు, గోడగడియారం ఒకటి ఇచ్చారు. సంచికలో ఆయన గురించి వ్యాసం లేదు. ఏం రాయాలో ఎవరికీ తెలియలేదు.

ఇంట్లో జరిగింది చిన్న మాటల్లో చెప్పాలంటే, దగ్గర సందుల్లోనే ఉండే తోడికోడళ్ల మధ్య మాటలు పోయాయి. పెద్దకోడలు పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో వీరు కూర్చున్న వరుసలో కూర్చోరు. బావగారు మాత్రం ఎప్పటిలాగే పలకరించేవారు. “ఉద్యోగం ఉద్యోగమే, నువ్వు చెయ్యాల్సింది నువ్వు చేశావు” అనేవారు. వారు కూడా అదే నమ్మారు. ఆ నమ్మకం మీదే ఇన్నేళ్లూ నిద్రపోయారు.

ఇక ఈ ఏడాది. రేకు మిల్లు మీద పరుగెడుతుండగానే రొద కొలిచే కొత్త యంత్రం వచ్చింది. మేడం రిటైరవగానే పరీక్షశాల మూసేసి, ఆ గదిని పాత కాగితాలు పెట్టుకోవడానికి వాడతారు. జూన్ 12, గురువారం, అప్పగింతల జాబితా రాస్తూ, నంబరు చీటీ అంటించడానికి వారు అమ్మరేకు పలకని చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పారు. రేకు టక్కున ఊడి బల్ల మీద పడింది. ముప్ఫై మూడేళ్ల జిగురు ఎండి, పసుపుపచ్చగా పెచ్చులై రాలింది.

“మళ్లీ అతికించేద్దామా మేడం?” అని పక్కనున్న జూనియర్ అడిగింది.

“ఉండు. ఊరికే ఒకసారి చూద్దాం.”

విడిగా ఉన్న అమ్మరేకు మీద సెన్సార్ పెట్టారు. పొద్దున్నే వందకి తిప్పిన మీటరు నూట పదిహేడు చూపించింది. యంత్రం ఆపి, మళ్లీ వేసి, వేడెక్కనిచ్చి చూశారు. నూట పదిహేడు. పదకొండుసార్లు చూశారు. ఆ తర్వాత బీరువా తెరిచి, నేల మీద కూర్చుని, అడుగున ఉన్న పాత లాగ్‌బుక్కులు బయటికి లాగారు. వారికి కావలసిన పేజీ దొరకడానికి పది నిమిషాలు పట్టలేదు. జిగురు ఆరిన మర్నాటి పేజీ.

“1992 మే 6, బుధవారం. అమ్మరేకు 85 చూపింది. నాబ్ 41 నుంచి 48కి తిప్పి 100 చేశాను. ఎండల వల్ల కాబోలు.”

జిగురు ఆరుతూ కుంచించుకుంటుంది. కుంచించుకుంటూ తనకి అంటుకున్న రేకుని లోపలికి నొక్కుతుంది. నొక్కుడుపడ్డ రేకులో రొద తగ్గుతుంది. ఇది మన శాఖలో చేరిన మొదటి నెలలో ఎవరికైనా నేర్పే పాఠం, ముప్ఫై నాలుగేళ్లలో వారే ఎంతోమందికి నేర్పిన పాఠం. తల్లి గొంతు నొక్కేసి, బిడ్డలందరూ గట్టిగా అరుస్తున్నారని తీర్పు చెప్పినట్టయింది. నూట ముప్ఫై అని మనం అనుకున్న గీత నిజానికి నూట పదకొండు దగ్గరే ఉంది. ఆ పేజీలో ‘కాబోలు’ అన్న మాట ముప్ఫై మూడేళ్లు ఎవరూ అడగకుండా నిలబడింది.

వారు అప్పటికీ ఆశ వదల్లేదు. విడిగా ఉన్న ఇంకో రేకుని కొలిచి, దానికి మీటరు వంద చూపేలా పెట్టుకుని, అదే రకం జిగురుతో ఇంకో చెక్క మీద అతికించి, రెండు రోజులు ఆగారు. తాము చేసే కొలత తప్పు రావాలని ఉద్యోగంలో మొదటిసారి కోరుకున్నారు. మూడోరోజు మీటరు ఎనభై ఆరు చూపించింది. హెడ్‌ఫోన్స్ తీసి సొరుగులో పెట్టారు. వారు మళ్లీ వాటిని పెట్టుకోవడం మేమెవరం చూడలేదు.

ఆ సాయంత్రం మేనేజరు గారి గదికి వెళ్లారు. మేనేజరు గారు వయసులో వారి తమ్ముడంత ఉంటారు. మంచి మనిషి. విన్నారు కూడా.

“మేడం, ఇంకో నెలన్నరలో హాయిగా వెళ్లిపోతున్నారు. ఇప్పుడు ఇదంతా ఎందుకు తవ్వడం?”

“తప్పు కొలిచాం సార్. ముప్ఫై మూడేళ్లు.”

“ఎక్కువ గట్టిగా కొలిచాం. అంతేగా? చెడ్డ రేకు ఒక్కటైనా బయటికి పోయిందా?”

“లేదు సార్.”

“మరి ఎవరికి నష్టం?”

“కటింగ్ మేస్త్రికి.”

“ఏ మేస్త్రి?”

 మేనేజరు గారు చేరింది 2014లో. గోడ మీది కాగితం ఆయన చూడలేదు. మేకుల చప్పుడు వినలేదు. ఆయన తప్పేం లేదు.

“ఒక కాగితం సార్. ఒకే ఒక్క కాగితం. ఆ బదిలీ పొరపాటున జరిగిందని, అదే గోడ మీద అంటిస్తే చాలు.”

“ఆ ఫైలు ఎప్పుడో మూసేశారు మేడం. మూసిన ఫైలు మీద నేను ఎలా రాయను? కొత్త యంత్రం వచ్చేసింది కదా. అమ్మరేకు కథ అయిపోయింది. వదిలెయ్యండి.”

వారు వదల్లేదు. తీసివేతకి వెళ్లిన ప్రతి కట్ట నుంచీ ఒక ముక్కని పొట్లం కట్టి దాచడం మన పద్ధతి. వెనకగది చెక్క సొరుగుల్లో 2003 నాటి నలభై ఒక్క ముక్కలూ, తేదీలతో, వారి చేతివ్రాత చీటీలతో అలాగే ఉన్నాయి. రెండు రోజులు తలుపు వేసుకుని, విడిగా ఉన్న అమ్మరేకుని వందకి పెట్టుకుని, ఒక్కొక్కటే కొలిచారు. నూట పద్నాలుగు. నూట ఇరవై. నూట పాతిక. ముప్ఫై ఎనిమిది ముక్కలు నిక్షేపంగా ఉన్నాయి. మూడు మాత్రం నిజంగానే గీత దాటాయి.

మిగతా లాగ్‌బుక్కులు కూడా దిద్దుదామని ఎర్ర కలం పట్టుకుని కూర్చున్నారు. ప్రతి అంకెనీ ఒకటి పాయింటు ఒకటి ఏడుతో భాగించాలి. ఏభై ఎనిమిది పుస్తకాలు. మూడో పుస్తకం మధ్యలో కలం మూత పెట్టేశారు. “ఎవరు చూస్తారు” అన్నారు, ఎవరినీ ఉద్దేశించకుండా. తీసేసిన రేకులన్నీ ఎప్పుడో కరిగి మళ్లీ కరిగి ఎక్కడెక్కడో తిరుగుతున్నాయి. వాటికి క్షమాపణ చెప్పే మార్గం లేదు.

మనిషి మాత్రం రెండు సందుల అవతలే ఉన్నారు. జూన్ 22, ఆదివారం, ఉదయం పదింటికి వారు బావగారి ఇంటికి వెళ్లారు. వారి శ్రీవారు స్కూటర్ మీద దింపి, లోపలికి రాకుండా, టైర్లో గాలి చూస్తున్నట్టు వీధిలోనే ఉండిపోయారు. ఇరవై రెండేళ్లుగా అన్నకీ భార్యకీ మధ్య ఆయన ఉండే చోటు అదే.

బావగారు వరండాలో కుర్చీలో ఉన్నారు. డెబ్బై ఒకటి నిండాయి. కటింగ్ మెషీన్ పక్కన ఇరవై ఆరేళ్లు, మేకుల దగ్గర తొమ్మిదేళ్లు గడిపిన చెవులు, ఇప్పుడు దాదాపు పోయాయి. వారు దారంతా కూడబలుక్కున్న మాటలు నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టారు.

“గట్టిగా చెప్పమ్మాయ్. ఎడమది అసలు లేదు, కుడిది ఉన్నట్టే ఉంటుంది గానీ పనిచెయ్యదు.”

వారు గొంతు పెంచారు. చాలలేదు. ఇంకా పెంచారు. జీవితమంతా చెవికి అందని చప్పుళ్లు విన్న మనిషి, వరండాలో నిలబడి కేకలు వెయ్యవలసి వచ్చింది.

“తప్పు నాది బావగారూ. జిగురు వల్ల. అమ్మరేకుని నేనే అతికించాను. మీ రేకులు బాగానే ఉన్నాయి.”

ఎదురింటి మేడ మీద బట్టలు ఆరేస్తున్నావిడ చేతులు ఆగిపోయాయి. సందులో ఎవరో తలుపు తీశారు. వారు ఆగలేదు. నలభై ఒక్క ముక్కల లెక్కా అలాగే కేకలేస్తూ, పూస గుచ్చినట్టు చెప్పారు.

 బావగారు అడిగారు. “ఆ మూడూ ఏవి?”

వారు కాగితం తీసి తేదీలు చూపించారు. ఆగస్టు 11, 12, 13.

“ఊఁ. ఆ వారం స్టోర్స్‌లో బ్లేడు లేదు. పాతదే లాగించాను. అంచు పట్టుకుంది, నాకు తెలుసు.” ఆయన కాగితం మడిచి వెనక్కి ఇచ్చారు. “మిగతావి బాగున్నాయనీ తెలుసు. కానీ నువ్వంత గట్టిగా చెప్పావు కదా. సరే, గోరే పోయిందేమో అనుకున్నాను. ఆ తర్వాత ఇంక ఏ అంచు మీదా గోరు పెట్టలేదమ్మాయ్. పెట్టెలు కొట్టాను. పెట్టెకి అంచు ఎలా ఉంటే ఏంటి.”

వారి తోడికోడలు లోపలినుంచి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి, అందించకుండా అరుగు మీద పెట్టారు.

“అక్కా,” అన్నారు వారు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి.

“చెప్పేశావుగా. ఇంక నీ గుండె తేలికైపోయింది.” ఆవిడ గొంతు పెంచలేదు. ఆవిడ మాట భర్తకి వినపడలేదు. “ఈయన డ్యూటీకి ఎలాగూ తప్పదు గానీ, పొద్దున్నే లేచి ఫ్యాక్టరీ వైపు కాకుండా చుట్టూ తిరిగి పాలు తెచ్చేవారు, ఆ గోడ కనపడకుండా. ఆ దూరం ఎవరు కొలుస్తారమ్మా? నీ దగ్గర పెట్టె ఉందా దానికి?”

వారు అరుగు మీది గ్లాసు తీసుకున్నారు. మంచినీళ్లు తాగారు. లేచి బయల్దేరుతుంటే బావగారు పిలిచారు.

“అమ్మాయ్, అప్పుడు గోడ మీద కాగితం వేశారు కదా. ఇదీ ఏదన్నా కాగితం మీద ఉంటుందా?”

“ఉంటుంది బావగారూ.”

“పెద్ద అక్షరాలైతే బాగుంటుంది. కళ్లు కూడా అంతంతమాత్రమే.”

సోమవారం వారు మళ్లీ మేనేజరు గారిని అడిగారు, మళ్లీ లేదనిపించుకున్నారు. పై ఆఫీసుకి రాశారు. విషయం పరిశీలనలో ఉన్నదని జవాబు వచ్చింది. జూలై మొదటి వారంలో ఈ వ్యాసం ప్రతి వారి బల్ల మీదకి వెళ్లింది. మన సంచిక ఉద్యోగుల సంఘం సొంతంగా వేసుకునే పుస్తకం, దీనికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. ముప్ఫై నాలుగేళ్ల సేవ చివర వారికి మిగిలిన కాగితం ఇదొక్కటే. తమ పొగడ్తకి కేటాయించిన చోటులో వారు ఏం అచ్చువెయ్యమన్నారో, వారి మాటల్లోనే, వారు కోరినట్టు పెద్ద అక్షరాల్లో వేస్తున్నాం:

2003 సెప్టెంబరులో కటింగ్ మేస్త్రి గారిని బదిలీ చేయడానికి కారణమైన నలభై ఒక్క కొలతలు తప్పు. వాటిని కొలిచింది నేను. ఆయన కోసిన ముప్ఫై ఎనిమిది కట్టలు అన్ని విధాలా బాగున్నాయి. తక్కిన మూడు కట్టలు ఎందుకు పోయాయో ఆయనకి అప్పుడే తెలుసు. అమ్మరేకు పొరపడింది. గోరు పొరపడలేదు.

వీడ్కోలు సభలో ముందువరుసలో రెండు కుర్చీలు ఖాళీగా ఉంచుతున్నాం. ఆహ్వానం ఇద్దామని వెళ్తే, పెద్దకోడలు గారు కవరు తీసుకుని తలుపు వేసుకున్నారు. వస్తామనీ అనలేదు, రామనీ అనలేదు. వచ్చినా ఉపన్యాసాలు బావగారికి వినపడవు. అందుకని ఈ సంచిక ప్రతి ఒకటి ఆ కుర్చీలో ఉంటుంది. కుర్చీలు ఖాళీగానే మిగిలితే, మర్నాడు మాలో ఒకరు పట్టుకెళ్లి ఇస్తారు.

ఇలాంటి వ్యాసాల చివర ఆయురారోగ్యాలు కోరడం ఆనవాయితీ కదా, ఆ వాక్యమైనా ఉంచనిస్తారా అని వారిని అడిగాం. అప్పగింతల జాబితాలో ‘అమ్మరేకు, ఒకటి, విడిగా’ అని రాస్తూ తల ఎత్తకుండానే జవాబిచ్చారు. “బావగారికి కోరండి. నాకెందుకు. ఇది ఇంకా ఎన్నేళ్లు గుర్తుంచుకోవాలి?”

ముప్ఫై నాలుగేళ్లలో వారు చెప్పిన మాట మన శాఖ కాదనడం ఇదే మొదలు. ఏ చేతులు అతి శ్రద్ధతో ఒక తప్పుని అతికించాయో, అవే చేతులు ఎవరూ అడగకుండా, ఎవరికీ అక్కర్లేకపోయినా దాన్ని ఊడదీసి వీధి మధ్యలో చూపించాయి గనుక, గౌరవనీయులైన మా ముఖ్య పరీక్షాధికారిణి గారికి సంపూర్ణ ఆరోగ్యాన్నీ, దీర్ఘాయువునూ మనసారా కోరుకుంటున్నాం. గౌరవనీయులైన కటింగ్ మేస్త్రి గారికి, పదమూడేళ్లు ఆలస్యంగా, అంతే ఆరోగ్యాన్నీ, అంతే ఆయువునూ కోరుకుంటున్నాం. ఈ పుస్తకం చేతికి అందాక, చదవడానికి ముందు, దీని కోత అంచు మీద ఆయన ఒక్కసారి గోరు పెట్టి చూస్తే చాలు. ఎలా ఉందని ఆయన చెబితే అలాగే ఉన్నట్టు.